ఫ్రేముల లెక్కలో సంగీతం

ప్రశ్న: 1940ల నాటి హాలీవుడ్ కార్టూన్ లఘుచిత్రాల్లో పాత్ర అడుగు వేసినా, జారిపడినా, సంగీతం సరిగ్గా ఆ క్షణానికే పలుకుతుంది. బొమ్మలను చూస్తూ వాయించేవారా, సంగీతం విని బొమ్మలు గీసేవారా?

జవాబు: చాలా చిత్రాల విషయంలో ఈ రెండూ కావు, అన్నిటికంటే ముందు లయ నిర్ణయమయ్యేది. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేముల (విడి బొమ్మల) వేగంతో నడుస్తుంది కాబట్టి, 12 ఫ్రేములకు ఒక దరువు అనుకుంటే నిమిషానికి 120 దరువులు, 8 ఫ్రేములకు ఒకటి అనుకుంటే 180 దరువులు వస్తాయి. ఏ దృశ్యం ఏ వేగంతో నడవాలో, ఎన్నో దరువు మీద పాత్ర తలుపుకు గుద్దుకోవాలో దర్శకుడు ముందే లెక్కవేసి కాగితం మీద పెట్టేవాడు. చిత్రకారులు ఆ లెక్క ప్రకారం బొమ్మలు గీసేవారు, స్వరకర్త అదే లెక్కను చూసి సంగీతం రాసేవాడు. రికార్డింగు వేళ వాద్యకారులు ఇయర్‌ఫోనులో వినబడే టిక్కు శబ్దాన్ని అనుసరించి వాయించేవారు.

ఈ పద్ధతికి తొలి రూపం ఇచ్చినవారిలో కార్ల్ స్టాలింగ్ ముఖ్యుడు. మూకీ చిత్రాల కాలంలో ఆయన కాన్సస్ సిటీ థియేటర్లలో ఆర్గన్ వాయిస్తూ, తెర మీద కథ మలుపు తిరిగిన ప్రతిసారీ అప్పటికప్పుడు ఒక బాణీ నుంచి మరో బాణీకి దాటేవాడు. అక్కడే వాల్ట్ డిస్నీతో పరిచయమైంది. 1928లో డిస్నీ సంస్థకు తొలి సంగీత దర్శకుడయ్యాడు, 1930లో బయటకు వచ్చాడు, 1936 నుంచి 1958 దాకా వార్నర్ బ్రదర్స్ కార్టూన్లకు సంగీతం సమకూర్చాడు. నాలుగు క్షణాలు వాల్ట్జ్ అనే నాట్య బాణీ, రెండు క్షణాలు నిశ్శబ్దం, వెంటనే కవాతు బాణీ, ఇంతలోనే వయొలిన్ల కేక: ఇన్ని మార్పులున్నా ఆయన సంగీతం తెగిపోయినట్టు అనిపించదంటే, దానికి మూలం ఆ థియేటర్ అనుభవమేనని నా దృఢమైన అభిప్రాయం.

ప్రశ్న: వార్నర్ కార్టూన్లలో కొన్ని బాణీలు పదే పదే వినిపిస్తాయి. కొత్తవి కట్టే తీరిక లేకనా?

జవాబు: తీరిక సంగతి అలా ఉంచితే, అందులో వ్యాపార కారణం ఒకటుంది. వార్నర్ సంస్థ సంగీత ప్రచురణ కంపెనీలను కొనుగోలు చేసింది. ఆ పాటలకు ప్రచారం కల్పించడం మొదట్లో ఈ కార్టూన్ల పనుల్లో ఒకటి. స్టాలింగ్ ఆ పాటల నిధిని హాస్యానికి వాడుకున్నాడు. ఎర్ర దుస్తుల స్త్రీ కనబడితే ‘ది లేడీ ఇన్ రెడ్’ పాట బాణీ వినిపిస్తుంది. మాటలు లేకపోయినా ఆనాటి ప్రేక్షకులకు పల్లవి గుర్తుకువచ్చి నవ్వు వచ్చేది. ఇవాళ ఆ పాటలు ఎరగనివారికి ఈ చమత్కారంలో సగం అందదు, నాకు అది నిజంగా విచారం కలిగిస్తుంది. యంత్రాలు, కర్మాగారాలు కనబడినప్పుడు వినిపించే ఆ తరుముకొచ్చే బాణీ, స్వరకర్త రేమండ్ స్కాట్ 1937లో రికార్డు చేసిన ‘పవర్‌హౌస్’. స్కాట్ దాన్ని కార్టూన్ల కోసం రాయలేదు; ఆయన రచనల హక్కులు 1943లో వార్నర్ చేతికి వచ్చాకే స్టాలింగ్ వాటిని విరివిగా వాడాడు.

ప్రశ్న: ‘టామ్ అండ్ జెర్రీ’ సంగీతం వీటికి భిన్నంగా ఎందుకు ఉంటుంది?

జవాబు: వాటిని తీసిన ఎం.జి.ఎం. సంస్థలో స్వరకర్త స్కాట్ బ్రాడ్లీ పాత పాటలను వాడుకున్నా, సొంత రచన మీదే ఎక్కువ మక్కువ చూపాడు. ఆ పిల్లీ ఎలుకా దాదాపు మాట్లాడవు గనుక, కథ చెప్పే భారం చాలావరకు ఆయన వాద్యబృందం మీదే పడింది, అదీ ఇరవై మంది లోపు ఉండే చిన్న బృందం. 1944 నాటి ‘పుటిన్ ఆన్ ది డాగ్’లో జెర్రీ కుక్క తల ముసుగు కింద పరుగెత్తే చోట, మామూలు స్వరాలేవీ కుదరక, స్వరకర్త షోన్‌బర్గ్ రూపొందించిన పన్నెండు స్వరాల పద్ధతిని, అంటే ఏ స్వరానికీ ప్రాధాన్యం ఇవ్వకుండా పన్నెండింటినీ సమానంగా వాడే పద్ధతిని, ప్రయోగించాడు. కచేరీ సభల్లో శ్రోతలను తికమకపెట్టిన ఆ సంగీతాన్ని వాయిస్తూ వాద్యకారులు కూడా నవ్వారని బ్రాడ్లీయే చెప్పాడు. పాత్రే స్వయంగా వాద్యం వాయించే చిత్రాల్లో మాత్రం పని తలకిందులయ్యేది. ‘ది క్యాట్ కన్సర్టో’లో టామ్ పియానో మీద వాయించే, స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ రచన, రెండవ హంగేరియన్ రాప్సొడీ, ముందుగా రికార్డయింది, చిత్రకారులు దాన్ని అనుసరించి పిల్లి వేళ్ల కదలికలను గీశారు.