తగ్గాక వెళ్దాం నాన్నా

కొత్తగూడెం నుంచి రాసిన బాబుకి,

నాన్నగారికి పాంక్రియాస్ క్యాన్సర్, నాలుగో స్టేజి, ఇక నెలలే అన్నారు డాక్టర్. ఇంట్లో మాత్రం అల్సర్ అని చెప్పుకొస్తున్నారు, నిజం తెలిస్తే కుంగిపోతారని అమ్మగారు, అక్క ఒకటే పట్టు, మీకేమో ఆయన ముఖం చూడాలంటేనే టెన్షన్. చెప్పాలా వద్దా అని అడిగారు.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారండీ ఆయన! క్యాన్సర్ ఆసుపత్రి అని గేటు మీద బోర్డున్న చోటికి తీసుకెళ్లి సెలైన్లు ఎక్కిస్తుంటే అల్సరేనని నమ్ముతారా? మాత్రల స్ట్రిప్పు కిటికీ వెలుతురుకి పెట్టి చదువుతున్నారని మీరే రాశారు. మీరు బాధపడతారని ఆయన కూడా ఏమీ తెలియనట్టు ఉంటున్నారేమో.

అలాగని రిపోర్టు తెచ్చి చదివి వినిపించకండి. ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, "నాన్నా, డాక్టర్ చెప్పినవన్నీ నీకు చెప్పమంటావా, నన్నే చూసుకోమంటావా?" అని అడగండి. నువ్వే చూసుకో అంటే సరే, వదిలేయండి. చెప్పమంటే అబద్ధమాడకండి, కానీ నెలల లెక్క ఆయన అడిగితేనే, అది డాక్టర్లకీ కచ్చితంగా తెలిసేది కాదు. ఇలా అడగబోతున్నానని అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

నన్ను ఎక్కువ కదిలించింది వేరే. భద్రాచలం తీసుకెళ్లమని నాన్నగారు రెండుసార్లు అడిగారు, తగ్గాక వెళ్దాం నాన్నా అన్నారు మీరు, ఆ తర్వాత ఆయన అడగడం మానేశారు, పూజ కూడా మానేశారు, రాత్రిళ్లు "నేనేం పాపం చేశాను" అంటున్నారు. 1967లో లండన్‌లో హాస్పీస్, అంటే చివరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే ఆసుపత్రి, పెట్టిన సిసిలీ సాండర్స్ అనే డాక్టరమ్మ, చివరి రోజుల నొప్పి ఒంటిదే కాదు, మనసుదీ, ఇంటిదీ, ఆత్మదీ అనేవారు. ఆ పాపం మాటకి మీరు జవాబు వెతకొద్దు, కాళ్లు ఒత్తుతూ వినండి చాలు. పూర్వజన్మ కర్మ అని బోధించే చుట్టం ఒకరుంటారు ప్రతి ఇంట్లో, ఆయన్ని హాల్లోనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపేయండి.

ఒంటి నొప్పికి పాలియేటివ్ కేర్, అంటే నొప్పీ బాధా తగ్గించి చూసుకునే వైద్యం, చేసే డాక్టర్‌ని కలవండి. హైదరాబాద్ ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ వైద్యం ఉంది, చాలా జిల్లాల్లో ప్రభుత్వ కేంద్రాలూ ఉన్నాయి. గట్టి నొప్పికిచ్చే మార్ఫిన్ రాస్తే భయపడకండి, చెప్పిన మోతాదులో వాడితే ప్రాణం తీసే మందు కాదది.

భద్రాచలం మీకు గంట ప్రయాణం. డాక్టర్‌ని అడిగి ఈ వారమే వెళ్లండి. వెనక సీట్లో రెండు దిండ్లు వేసి, నొప్పి మాత్ర పనిచేయడం మొదలయ్యాక బయలుదేరండి.