టైటానిక్ చివరిగా ఆగిన క్వీన్స్‌టౌన్ ఇప్పుడు మ్యాప్‌లో ఎందుకు కనిపించదు?

మీరు వెతుకుతున్న క్వీన్స్‌టౌన్ ఎక్కడికీ పోలేదండీ, పేరు మారిందంతే. ఐర్లండ్ దక్షిణ తీరంలో, కార్క్ నగరం నుంచి రైల్లో అరగంట కూడా పట్టదు. బోర్డు మీద సి, ఓ, బి, హెచ్ అని ఉంటుంది, పలకడం మాత్రం 'కోవ్'. ఇది తెలియక మొదటిసారి కార్క్ స్టేషన్‌లో "కోబ్‌కి రిటర్న్ టికెట్" అడిగాను. కౌంటర్‌లో ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, "కోవ్‌కేనా?" అని నవ్వుతూ టికెట్ ఇచ్చాడు.

ఐరిష్‌లో బి పక్కన హెచ్ వస్తే 'వ' అవుతుంది. అంత వింత స్పెల్లింగ్ చూసి, ఏదో ప్రాచీన ఐరిష్ పేరే అనుకున్నాను. తీరా చూస్తే అది ఇంగ్లీష్ మాట! కోవ్ అంటే గాలివానల్లో ఓడలు తలదాచుకునే చిన్న అఖాతం. పూర్వం ఈ ఊరిని 'కోవ్ ఆఫ్ కార్క్' అనేవారు. 1849లో, మహా క్షామం ఇంకా పీడిస్తుండగానే, విక్టోరియా రాణి ఇక్కడ దిగింది. ఆ గౌరవానికి ఊరి పేరు క్వీన్స్‌టౌన్ చేశారు. 1920లో, స్వాతంత్ర్య పోరు నడుస్తున్నప్పుడు, ఆ పేరు తీసేసి పాతదే మళ్లీ పెట్టుకున్నారు, కాకపోతే ఐరిష్ స్పెల్లింగ్ తొడిగి. ఐరిష్‌లో ఆ మాటకు వేరే అర్థమేమీ లేదు.

కొకనాడా మళ్లీ కాకినాడ అయినట్టే కదా అనిపిస్తుంది గానీ, మనకు వెనక్కి వెళ్లడానికి సొంత పేరుంది. డబ్లిన్ పక్కన కింగ్స్‌టౌన్‌ది కూడా మన కథే. 1920లోనే అది మళ్లీ 'డన్ లీరీ' అయింది, అంటే లీరీ రాజు కోట. కోవ్‌కి ఆ వీలు లేకపోయింది.

ఇక టైటానిక్. 1912 ఏప్రిల్ 11న ఇక్కడ 123 మంది ఎక్కారు. ఓడ రేవు బయటే లంగరు వేసింది, జనాన్ని చిన్న స్టీమర్లలో తీసుకెళ్లారు. వాళ్లు బయల్దేరిన చెక్క జెట్టీ ఇప్పుడు పుచ్చిపోయిన దుంగలుగా నీళ్లలో నిలబడి ఉంది. నేను వెళ్లినప్పుడు వాటి మీద సముద్రపు కాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. దగ్గర్లోనే అనీ మూర్ విగ్రహం, పక్కన ఇద్దరు తమ్ముళ్లు. 1892 జనవరి 1న న్యూయార్క్ ఎల్లిస్ ఐలండ్‌లో మొట్టమొదట నమోదైన వలస మనిషి ఈ పిల్లే, ఇక్కడే ఓడెక్కింది.

మీరు పాత ప్రయాణికుల జాబితాలు చూస్తుంటే మాత్రం 'క్వీన్స్‌టౌన్' అనే వెతకండి, కోవ్ అని కొడితే దొరకదు.