కెనడాలోని ఒంటారియోలో ఆర్పీఎన్‌గా (రిజిస్టర్డ్ ప్రాక్టికల్ నర్సుగా) చేరారా? మీ యూనియన్ స్టువార్డ్ (పనిచోట యూనియన్ ప్రతినిధి) ఎవరో తెలుసుకోండి

ఇండియాలో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి వచ్చినవాళ్ళూ, ఇక్కడే ప్రాక్టికల్ నర్సింగ్ డిప్లొమా చదివినవాళ్ళూ నన్ను తరచూ అడిగే సందేహం ఇది. "అక్కా, జీతంలోంచి యూనియన్‌కి డబ్బు కోస్తున్నారు, వద్దని చెప్పొచ్చా?"

చెప్పినా ఆగదు. 1946లో జస్టిస్ ఐవన్ రాండ్ ఫోర్డ్ కార్మికుల వివాదంలో ఇచ్చిన తీర్పు దీనికి మూలం. యూనియన్ యాజమాన్యంతో కుదుర్చుకున్న ఒప్పందం వల్ల లాభం అందరికీ కాబట్టి, సభ్యత్వం తీసుకోనివాళ్ళు కూడా చందా కట్టాల్సిందే. ఆ మొత్తం మీ టీ4లో (యాజమాన్యం ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రంలో) 44వ గడిలో ఉంటుంది, పన్ను లెక్కలో మినహాయింపు కూడా వస్తుంది. చందా కట్టి కూడా యూనియన్‌ని వాడుకోకపోవడమే నాకు బాధగా ఉంటుంది.

మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. లైసెన్స్ ఇచ్చేది కాలేజ్ ఆఫ్ నర్సెస్ ఆఫ్ ఒంటారియో. దాని పని రోగులను కాపాడటం, మిమ్మల్ని కాదు. వీఆర్‌పీఎన్ అనేది వృత్తి సంఘం, ఆర్పీఎన్‌ల గుర్తింపు కోసం మాట్లాడుతుంది. ఉద్యోగంలో మీ పక్కన నిలబడాల్సింది మాత్రం యూనియనే. పనిచేసే చోటును బట్టి అది క్యూపీ కావచ్చు, ఎస్ఈఐయూ కావచ్చు, యూనిఫార్ కావచ్చు.

నాకు తెలిసిన గుంటూరు అమ్మాయి ఒకామె లాంగ్ టర్మ్ కేర్ హోంలో నైట్ డ్యూటీ చేసేది. ఒక పెద్దాయనకి మాత్ర ఇవ్వడం ఆలస్యమైంది. తెల్లారి షిఫ్ట్ దిగుతుంటే మేనేజర్ గదిలోకి పిలిచి కాగితం ముందుపెట్టారు. నిద్రమత్తులో, టెన్షన్‌లో "సారీ మేడమ్" అంటూ చదవకుండానే సంతకం పెట్టేసింది. ఆ రాత్రి ఒక్కతే ఎంతమందిని చూసుకుందో ఆ కాగితంలో ఎక్కడా లేదు. అలా పిలిస్తే మర్యాదగా ఒక్క మాట చెప్పండి: "మా యూనియన్ ప్రతినిధి వచ్చాక మాట్లాడతాను." అది ఎదురు తిరగడం కాదు, చాలా ఒప్పందాల్లో రాసి ఉన్న హక్కు. అన్యాయం జరిగిందనిపిస్తే వెంటనే స్టువార్డ్‌కి చెప్పండి, గ్రీవెన్స్ (యూనియన్ ద్వారా రాతపూర్వక ఫిర్యాదు) వేయడానికి గడువు సాధారణంగా రోజుల్లోనే ఉంటుంది. అసమర్థత కారణంగా తీసేస్తే యాజమాన్యం కాలేజ్‌కి తెలపాలి, అప్పుడు లైసెన్స్‌కే ముప్పు.

యూనియన్ అనగానే మనకు ఆర్టీసీ సమ్మెలు గుర్తొస్తాయి. ఇక్కడి ఆసుపత్రుల్లో, నర్సింగ్ హోముల్లో సమ్మె చట్టవిరుద్ధం. బేరం కుదరకపోతే మధ్యవర్తి తేలుస్తాడు. 2019లో ఒంటారియోలో వచ్చిన బిల్ 124 అనే చట్టం ప్రభుత్వ రంగంలో జీతాల పెంపును మూడేళ్ళపాటు ఏడాదికి 1 శాతానికి కట్టేసింది. యూనియన్లు కోర్టుకెళ్ళాయి. 2022 నవంబర్‌లో ఆ చట్టం చెల్లదని తీర్పు వచ్చింది, 2024 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టూ అదే చెప్పింది. ఆసుపత్రుల్లో చాలామందికి వెనకటి బాకీ అందింది. ఒంటరిగా ఏ నర్సు సాధించగలదు ఇది?

ఇంకో మాట. రిజిస్ట్రేషన్ రాకముందు పీఎస్‌డబ్ల్యూగా (రోగులకు సాయపడే పర్సనల్ సపోర్ట్ వర్కర్‌గా) చేస్తున్నవాళ్ళు ఎవరితోనూ "నేను నర్సుని" అని పరిచయం చేసుకోవద్దు. ఇండియాలో పదేళ్ళు చేసినా సరే. నర్సింగ్ యాక్ట్ 1991 ప్రకారం ఆ పేరు రిజిస్టరైనవాళ్ళదే.

రిజిస్ట్రేషన్ వచ్చాక మాత్రం పాత అనుభవాన్ని వదులుకోకండి. దాన్ని లెక్కలోకి తీసుకుని జీతం మెట్టు పెంచే నిబంధన మీ ఒప్పందంలో ఉందేమో స్టువార్డ్‌ని అడగండి. పాత ఆసుపత్రి నుంచి తేదీలు, వార్డు, డ్యూటీ గంటలు రాసిన సర్వీస్ సర్టిఫికెట్ విమానం ఎక్కేముందే తీసుకోండి.