బ్యాటరీ మీద ఒకలా, ఛార్జర్ మీద ఒకలా

చిరంజీవి చిన్నికి పెదనాన్న ఆశీస్సులు.

ల్యాప్‌టాప్ మధ్యాహ్నం దాకా కూడా రావట్లేదనీ, పవర్ మోడ్ ఏది పెట్టాలో తేలట్లేదనీ రాశావు. మోడ్ సంగతి తర్వాత. ముందు బ్యాటరీలో సత్తువ ఎంత మిగిలిందో చూడు. నీది విండోస్ మెషీన్ కదా, టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాసి ఎంటర్ నొక్కు. ఫైలు ఎక్కడ పడిందో అక్కడే చెబుతుంది, బ్రౌజర్‌లో తెరువు. డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టాల్సిన ఛార్జ్), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిండితే పట్టే ఛార్జ్) అని రెండు అంకెలుంటాయి. మొదటిది 50,000, రెండోది 38,000 మిల్లీవాట్ అవర్లు అనుకో. మెషీన్ సగటున 10 వాట్లు తాగితే, కొత్తలో 5 గంటలు వచ్చింది ఇప్పుడు 4 గంటల లోపే ఆగిపోతుంది. 20 వాట్లు తాగితే రెండు గంటలు కూడా రాదు. సెట్టింగ్స్ ఈ తాగుడు తగ్గించడానికే. అరిగిన బ్యాటరీని అవి బాగుచెయ్యలేవు.

తాగేవాటిలో స్క్రీన్‌ది పెద్ద వాటా. క్లాసులో బ్రైట్‌నెస్ 40 శాతం చాలు. నీది 144 హెర్ట్జ్ స్క్రీన్ అయితే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి, బ్యాటరీ మీద ఉన్నంతసేపూ 60కి దించు. పీడీఎఫ్ చదవడానికి సెకనుకి 144 సార్లు బొమ్మ గీయడం దేనికి?

ఇక మోడ్. సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీలో ఉంటుంది. బ్యాటరీ మీద బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ, ఛార్జర్ మీద బ్యాలెన్స్‌డ్ పెట్టు. బెస్ట్ పెర్ఫార్మెన్స్ వీడియో ఎడిటింగ్‌కో, పెద్ద కోడ్ కంపైల్ చేసేటప్పుడో పనికొస్తుంది. వర్డ్‌కీ బ్రౌజర్‌కీ పెడితే పెరిగేది ఫ్యాన్ గోలే. మోడ్ మార్చనివ్వకపోతే, కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో హై పెర్ఫార్మెన్స్ ప్లాన్ ఉందేమో చూసి బ్యాలెన్స్‌డ్‌కి తిప్పు. వీడియోలు చూసి ఆ ప్లాన్ పెట్టి మర్చిపోయేవాళ్లు బోలెడుమంది.

అక్కడే, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. ఆన్ బ్యాటరీ ఎదురుగా ఉన్న 100ని 99 చెయ్యి. ఒక్క శాతమేగా అనుకోకు. చాలా ప్రాసెసర్లలో దాంతో టర్బో ఆగిపోతుంది. ఏదైనా తెరవగానే ఒక్క ఉదుటున వేగం పెంచి, వేడెక్కి, ఫ్యాన్‌ని లేపేది ఆ టర్బోనే. యాప్‌లు తెరుచుకోవడం కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ప్లగ్డ్ ఇన్ ఎదురుగా 100 అలాగే ఉంచు. ఆ వరస నీ మెషీన్‌లో కనిపించకపోతే వదిలెయ్.

మూత వేసి బ్యాగులో పెట్టాక తీసి చూస్తే వేడిగా ఉందన్నావు కదా, అది బ్యాటరీ తప్పు కాదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు స్లీప్‌లో కూడా ఫోన్‌లా సగం మెలకువగా ఉంటాయి. లోపల ఏదో అప్‌డేట్ మొదలైతే గాలాడని బ్యాగులో ఉడికిపోతాయి. పవర్ ఆప్షన్స్‌లో మూత వేస్తే ఏం చెయ్యాలనే చోట హైబర్నేట్ ఎంచుకో, అంటే తెరిచి ఉన్న పనంతా డిస్క్‌లో దాచి మెషీన్ ఆగిపోతుంది. మళ్లీ తెరవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది గానీ, పొద్దున్నకి ఛార్జ్ దాదాపు అలాగే ఉంటుంది. హైబర్నేట్ కనబడకపోతే టెర్మినల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, అదే పవర్‌సీఎఫ్‌జీ తర్వాత స్లాష్ హెచ్, ఖాళీ, ఆన్ అని కొట్టు.

హాస్టల్లో రోజంతా ఛార్జర్ తగిలించే ఉంచుతావు కాబట్టి, కంపెనీవాళ్ల యాప్‌లో ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే వీలుందేమో చూడు. నిండుగా ఉండి, పైగా వేడిగా ఉండడమే లిథియం బ్యాటరీని తొందరగా ముసలిదాన్ని చేస్తుంది. ఊరికి బయల్దేరేముందు మాత్రం 100 చేసుకో. పరుపు మీద పెట్టి వాడకు. కింది గాలి రంధ్రాలు మూసుకుపోతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు ఏ మోడ్ పెట్టినా ఒకటే.

ముందు ఆ రిపోర్టులో రెండంకెలు వాట్సాప్‌లో పంపు. రెండోది మొదటిదాంట్లో సగానికి దిగి ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి కొత్త బ్యాటరీ సంగతి చూద్దాం.

మీ పెదనాన్న