ఓఎల్‌ఈడీ పాలిమర్లలో పీహెచ్‌డీ: టాపిక్‌ కన్నా ముందు ల్యాబ్‌ను చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్‌ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. ఫార్మా ఉద్యోగం వద్దు, ఓఎల్‌ఈడీలకు వాడే క్రాస్‌లింకబుల్‌ పాలిమర్లపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. పంపమంటారా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పంపొచ్చు. కాకపోతే ఆ పాలిమర్‌ ఎక్కడ పనికొస్తుందో మీ ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఇవాళ ఫోన్లలోని ఓఎల్‌ఈడీ (కరెంటు పారితే తామే వెలిగే సేంద్రియ పదార్థాల) తెరలు దాదాపు అన్నీ వాక్యూమ్‌లో పదార్థాన్ని ఆవిరి చేసి పొరలుగా వేసినవే. వాటికి క్రాస్‌లింకింగ్‌తో, అంటే పాలిమర్‌ గొలుసులను ఒకదానికొకటి ముడేయడంతో పనే లేదు. పొరలను సిరాలా ముద్రించేచోటే చిక్కంతా. హోల్‌ ట్రాన్స్‌పోర్ట్‌ పొర (పాజిటివ్‌ ఛార్జ్‌లైన హోల్స్‌ను మోసేది) మీద కాంతినిచ్చే పొరను టొలుయీన్‌లో కలిపి పోస్తే కిందిది కరిగిపోతుంది. అందుకే ఆ హోల్‌ పొరకు వాడే ట్రైఅరైల్‌అమీన్‌ పాలిమర్‌కు వినైల్‌, ఆక్సిటేన్‌, బెంజోసైక్లోబ్యూటీన్‌ లాంటి గ్రూపులు తగిలిస్తారు. పూత వేశాక వేడితోనో యూవీతోనో గొలుసులు ముడిపడి, ఇక కరగవు.

ప్రింటింగ్‌నే నమ్ముకున్న జపాన్‌ కంపెనీ జేఓఎల్‌ఈడీ 2023 మార్చిలో చేతులెత్తేసింది. చైనాలో టీసీఎల్‌ వాళ్లు అదే దారిలో ముందుకెళ్తున్నారు. అంటే మార్కెట్‌ చిన్నది, ఊగిసలాట ఎక్కువ. క్వాంటమ్‌ డాట్‌ ఎల్‌ఈడీలకూ, పెరోవ్‌స్కైట్‌ సోలార్‌ సెల్స్‌కూ ఇలాంటి పొరలే కావాలి కాబట్టి మరీ ఇరుకు సందు కాదు.

రోజువారీ పని ఎలా ఉంటుందంటే: 10 మిల్లీగ్రాముల పాలిమర్‌ను 1 మిల్లీలీటర్‌ క్లోరోబెంజీన్‌లో కరిగించి, 0.45 మైక్రాన్‌ ఫిల్టర్‌తో వడకట్టి, 2000 ఆర్‌పీఎమ్‌లో స్పిన్‌ కోట్‌ చేస్తారు (పలకను గిర్రున తిప్పి పలుచని పూత వేయడం). వినైల్‌ రకమైతే నైట్రోజన్‌ గ్లోవ్‌బాక్స్‌లో (గాలి చొరబడని, చేతి తొడుగులున్న పెట్టె) 180 డిగ్రీల హాట్‌ప్లేట్‌ మీద అరగంట. యూవీ-విజిబుల్‌ స్పెక్ట్రం తీసి, అదే ఫిల్మ్‌ను టొలుయీన్‌తో కడిగి, మళ్లీ తీస్తారు. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడితే ముడి గట్టిగా పడినట్టు. రెండోది కిందికి దిగితే క్యూరింగ్‌ చాలలేదు, లేదా గ్లోవ్‌బాక్స్‌లోకి ఆక్సిజన్‌ దూరి, ముడి వేసే రాడికల్స్‌ను మింగేసింది. సరేనని గ్రూపులు పెంచేస్తే ఫిల్మ్‌ ముడుచుకుని పగుళ్లిస్తుంది, హోల్స్‌ కదలికా మందగిస్తుంది. ఆక్సిటేన్‌తో వచ్చే తలనొప్పి వేరు: యూవీతో యాసిడ్‌ పుట్టించే పదార్థం కలపాలి, దాని అవశేషం పొరలోనే ఉండి డివైస్‌ను పాడుచేయొచ్చు. సుజుకి పాలిమరైజేషన్‌లో (పల్లాడియం ఉత్ప్రేరకంతో ముక్కలను గొలుసుగా కలిపే పద్ధతి) మిగిలిన పల్లాడియం కూడా అంతే, సరిగ్గా కడగకపోతే ఛార్జ్‌ అక్కడ చిక్కుకుంటుంది. ఇక వినైల్‌ మోనోమర్‌ను (పాలిమర్‌కు ముడిసరుకైన చిన్న అణువు) ద్రావణిని ఆవిరి చేసే రోటావేపర్‌లో 60 డిగ్రీలు పెట్టి వదిలేస్తే వారం కష్టం ఫ్లాస్కులోనే జెల్‌ అయిపోవచ్చు. బాత్‌ 40 దాటనివ్వకూడదు, దానంతటది గొలుసు కట్టకుండా ఆపే బీహెచ్‌టీ చిటికెడు వేసి ఫ్రిజ్‌లో దాచాలి. తర్వాతి రియాక్షన్‌కు ముందు ఆ బీహెచ్‌టీని తీసేయడమూ మరవకూడదు.

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే: పాలిమర్‌ చేసిన విద్యార్థే డివైస్‌ కూడా చేస్తుందా? నమూనా సీసాలో వేసి ఇంకో ల్యాబ్‌కు పంపి, ఆరు నెలలు ఫలితం కోసం కూర్చునే చోట చేరితే సగం విద్యే వస్తుంది. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు అక్కడి సీనియర్లను అడగమనండి, గ్లోవ్‌బాక్స్‌లోపల స్పిన్‌ కోటర్‌, దానికి ఆనుకుని ఎవాపరేటర్‌ (వాక్యూమ్‌లో పొరలు వేసే యంత్రం) ఉన్నాయా, ఉంటే పనిచేస్తున్నాయా అని. రెండో ప్రశ్నే ముఖ్యం. తార్నాకలోని ఐఐసీటీ, హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్‌, బెంగళూరులో ఐఐఎస్‌సీ, జేఎన్‌సీఏఎస్‌ఆర్‌, తిరువనంతపురంలో ఎన్‌ఐఐఎస్‌టీ వెబ్‌సైట్లలో ఏ ప్రొఫెసర్‌ ఏం చేస్తున్నారో చూడండి. ఫ్లెక్సిబుల్‌ ఎలక్ట్రానిక్స్‌కు ఐఐటీ కాన్పూర్‌లో ప్రత్యేక కేంద్రమే ఉంది.

సీఎస్‌ఐఆర్‌ నెట్‌ పరీక్షలో జేఆర్‌ఎఫ్‌ (జూనియర్‌ రీసెర్చ్‌ ఫెలోషిప్‌) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపై 42,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. గేట్‌ కూడా రాయించండి.

ఫార్మా తలుపు మూసుకుపోతుందన్న భయం వద్దు. ఈ పనిలో నేర్చే సుజుకి, బుచ్‌వాల్డ్‌ కప్లింగ్‌లు (అణువులను జతచేసే రియాక్షన్లు) హైదరాబాద్‌ కాంట్రాక్ట్‌ రీసెర్చ్‌ కంపెనీల్లో రోజూ జరిగేవే. కాకపోతే అమ్మాయికి ఫ్లాస్కు మీద ఉన్న ఇష్టం మీటర్లూ గ్రాఫుల మీద లేకపోతే, ఫార్మాయే నయం. అది తేలాలంటే పరీక్షలయ్యాక రెండు నెలలు అలాంటి ల్యాబ్‌లో ఇంటర్న్‌గా ఉంచి చూడండి.