కొత్త స్కేట్లు కరుస్తుంటే

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. కుడికాలి చీలమండ ఎముక మీద ఎర్రగా కందిపోయింది, ఎడమకాలి చిటికెన వేలి మొదట్లో పొక్కు లేచింది. కొత్త ఐస్ హాకీ స్కేట్లు ఇంట్లో అరగంట తొడుక్కుంటేనే ఇట్లా ఉంటే డెహ్రాడూన్ క్యాంపులో ఎట్లా అని మీ అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. క్యాంపుకు ఇంకా టైముంది, చాలావరకు సరిచేసుకోవచ్చని ఆమెకు చెప్పు.

ముందు ఒక మాట గట్టిగా చెప్తున్నా, నొప్పిని ఓర్చుకోకు. చెప్పు కరిస్తే నాలుగు రోజులు తొడిగితే అదే సాగుతుందని మన ఇళ్లలో అంటారు. తోలు చెప్పు విషయంలో అది నిజమే. ఐస్ హాకీ బూటుకు మాత్రం చుట్టూ గట్టి పెంకు ఉంటుంది. పక్ (ఆటలో కర్రతో కొట్టే గట్టి రబ్బరు బిళ్ల) వచ్చి తగిలినా కాలు నలగకూడదని, మంచు మీద మలుపు తిరిగేటప్పుడు మడమ పక్కకు వాలకూడదని అట్లా తయారు చేస్తారు. లోపలి మెత్త కొంచెం అణిగి కాలి ఆకారానికి వస్తుంది కానీ, పెంకు మాత్రం ఓర్చుకున్నంత మాత్రాన సాగదు. చర్మమే చిట్లుతుంది.

మొదట చూడాల్సింది సైజు. సైజు తప్పితే ఏ రిపేరూ పనిచేయదు. హాకీ స్కేట్లు మామూలు బూట్ల కన్నా ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువే తీసుకోవాలి. సాయంత్రం పూట చూసుకో, పగలంతా తిరిగాక కాళ్లు కాస్త ఉబ్బుతాయి. బ్లేడ్లకు గార్డులు తొడిగి, లేసులు బాగా వదులు చేసి, బూటు నాలుకను (లేసుల కింద ఉండే మెత్తటి పట్టీని) ముందుకు లాగి కాలు పెట్టు. మడమను నేలకేసి రెండుసార్లు కొట్టు, అది వెనక గుంటలో కూర్చోవాలి. లేసులు కట్టుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందు డిప్పకు అలా తగిలీ తగలనట్టు ఉండాలి. మోకాళ్లు వంచితే వేళ్లు వెనక్కి జరగాలి. మోకాళ్లు వంచినా వేళ్లు ముడుచుకునే ఉంటే బూటు చిన్నది. మడమ పైకి లేస్తే పెద్దది.

కెనడాలోని బ్రాంప్టన్‌లో స్కేట్ల కొట్లో పనిచేసినన్నాళ్లూ నేను చూసిందేమంటే, కాళ్ల నొప్పులని వచ్చినవాళ్లలో ఎక్కువమందికి స్కేట్లు పెద్దవయ్యేవి. కాలు లోపల కదులుతుంటే లేసులు బిగిస్తారు, ఆ బిగింపుకు నొప్పి. పెరిగే పిల్ల కదా అని మీ నాన్న ఒక సైజు ఎక్కువ తెమ్మన్నాడేమో కనుక్కో. రెండు జతల మేజోళ్లు వేసి సర్దుకోవడం అసలే వద్దు. ఒక్క జత, పలుచటివి చాలు.

తర్వాత పెన్సిల్ పరీక్ష. కాలు లోపల పెట్టి, లేసులు వదులుగా ఉండగా నాలుకను ముందుకు మడిచి, పైనుంచి మూడో జత బెజ్జాల మీద పెన్సిల్ అడ్డంగా పెట్టు. పెన్సిల్ రెండు అంచుల మీదా ఆనితే లోతు సరిపోయినట్టు. నీ పాదం మీద ఆని ఊగుతుంటే ఆ బూటు నీ కాలికి లోతు తక్కువ. దానికి మందు లేదు, మార్చాల్సిందే. స్కేట్లు చేసే కంపెనీల్లో బావర్ వాళ్లు ఫిట్ 1, 2, 3 అని, సీసీఎమ్ వాళ్లు టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అని అదే సైజులో వేర్వేరు ఆకారాలు చేస్తారు. డబ్బా మీద ఏముందో చూడు. వేడి చేయించినవి, సాన పట్టించినవి కొట్లు సాధారణంగా వాపసు తీసుకోవు కాబట్టి ఇదంతా తేలేదాకా వాటినేమీ చేయించకు.

సైజూ లోతూ సరిపోయి ఒకటి రెండు చోట్ల మాత్రమే నొప్పి ఉంటే అది బాగయ్యే నొప్పి. కొట్లలో బూటును ప్రత్యేకమైన ఓవెన్‌లో 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొద్ది నిమిషాలు వేడి చేసి కాలికి తొడుగుతారు. లేసులను పైకి కాకుండా పక్కలకు లాగి కట్టాలి, లేకుంటే మెత్తబడిన బూటులోంచి లేసు బెజ్జాల రింగులు ఊడొస్తాయి. చల్లారేదాకా పది, పదిహేను నిమిషాలు కూర్చునే ఉండాలి, లేచి నిలబడొద్దు. మర్నాటిదాకా మంచు ఎక్కొద్దు. మన వరంగల్‌లో మంచు రింకూ లేదు, ఆ ఓవెన్ ఉన్న కొట్టూ లేదు. అట్లాగని వంటింటి ఓవెన్‌లో మాత్రం పెట్టకు బిడ్డా! ఎర్రగా కాలే కడ్డీల పక్కన జిగురు కరిగి అట్ట ఊడిపోతే ఇంత డబ్బూ బూడిదే. వేడి చేసే ఓవెన్, పెంకును లోపలినుంచి బయటికి ఉబ్బించే ప్రెస్ ఎవరి దగ్గరున్నాయో క్యాంపు కోచ్‌ను ఫోన్‌లో ఇప్పుడే అడుగు.

ఎక్కడ ఉబ్బించాలో వాళ్లకు చూపించడానికి మీ అమ్మ లిప్‌స్టిక్ తీసుకుని చీలమండ ఎముక మీద, చిటికెన వేలి మొదట్లో మందంగా రాయి. వట్టి కాలు బూటులో పెట్టి, లేసులు కట్టి, ఒకసారి నిలబడి తీసెయ్. లోపల ఎర్రటి మరక ఎక్కడ పడితే అక్కడే పని.

అందాకా మెత్త పెట్టి చూడు. అందరూ నొప్పి ఉన్నచోటే మెత్త పెడతారు, దాంతో అక్కడ ఇంకా ఇరుకై నొప్పి పెరుగుతుంది. చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే అతని దగ్గర అర సెంటీమీటరు మందం ఫోమ్ ముక్క తీసుకుని, గారెలాగా మధ్యలో బెజ్జం పెట్టించు. ఎముక ఆ బెజ్జంలోకి రావాలి, ఒత్తిడంతా చుట్టూ పడాలి. కాలికే టేపుతో అంటించుకో. అతను సాగదీసే చట్రంలో బూటును బిగిస్తానంటే మాత్రం ఒప్పుకోకు, పెంకు పగులుతుంది.

లేసుల దగ్గరే నీకు అలవాటు మారాలి. చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్లకు నువ్వు కింది నుంచి పైదాకా ఒకే బలంతో లాగుతావు. ఇక్కడ పాదం మీద ఓ మాదిరిగా, చీలమండ వంపు దగ్గర గట్టిగా, పైన మళ్లీ కాస్త వదులుగా ఉండాలి. పాదం తిమ్మిరెక్కితే కింది వరసలు వదులు చెయ్. చీలమండ ముందు నరం దగ్గర కోసినట్టు నొప్పి వస్తే అది లేసుల ఒరిపిడి. పైబెజ్జం ఒకటి వదిలేసి కట్టు, నాలుక నిటారుగా మధ్యలో ఉందో లేదో చూసుకో. మొదటి రోజుల్లో అరికాలు పట్టేయడం మామూలే, కొత్త కండరాలు పనిచేస్తున్నాయి. వారం గడిచినా తగ్గకపోతే లోపలి ఇన్సోల్ మార్చాలి.

ఇంకోటి, కొత్త బ్లేడ్లు చాలావరకు సాన పట్టకుండానే వస్తాయి. ఒక అంచు ఎత్తుగా, ఒకటి తక్కువగా సాన పట్టినా కాలు లోపలికి వాలుతుంది, తప్పు బూటుదే అనిపిస్తుంది. డెహ్రాడూన్‌లోని హిమాద్రి మంచు రింక్‌లో దిగేముందు అంచులు రెండూ సమంగా ఉన్నాయో లేదో కోచ్‌కు చూపించు.

రోజూ ఇరవై నిమిషాలు గార్డులతో ఇంట్లో తొడుక్కో. పొక్కు మానేదాకా ఎడమది వద్దు. బూటు తీసేశాక కూడా తిమ్మిరి పోకపోయినా, ఎముక లోపల నొప్పిగా ఉన్నా డాక్టరుకు చూపించాలి. ఈరోజు సాయంత్రమే పెన్సిల్ పెట్టి ఫోటో పంపు. అది చూశాకే బూట్లు మార్పించాలా వద్దా అని కెనడాలో ఉన్న మీ అన్నతో మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెద్దబాపు
హనుమకొండ