నాన్న తాతయ్య మాట ఎందుకు ఎత్తనివ్వరు?

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. ఒడిశాలోని పర్లాకిమిడిలో తాతయ్య చేతుల్లో పెరిగి, ఇప్పుడు భువనేశ్వర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న 31 ఏళ్ల మీరు, ఆయన పోయి ఎనిమిది నెలలైనా ఏడుపు ఆగడం లేదని, ఆ రోజు పొద్దున ఆయన ఫోన్ చేస్తే మీటింగులో ఉండి ఎత్తలేదని, సాయంత్రానికే కబురు వచ్చిందని రాశారు. ఇంటికెళ్లి తాతయ్య మాట ఎత్తితే చాలు, నాన్నగారు "ఇంక చాల్లే" అని లేచి వెళ్లిపోతున్నారట, తాతయ్య సైకిల్ కూడా ఎవరికో ఇచ్చేశారట. నేను తాతయ్యని మర్చిపోవాలా, నాన్నకి అసలు బాధే లేదా అని అడిగారు.

ముందు ఫోన్ సంగతి. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "తిన్నావా" అని అడిగి, తిన్నానంటే పెట్టేసేవారని మీరే రాశారు. ఆ రోజు ఏం చెప్పాలనుకున్నారో ఎవరూ చెప్పలేరు, నేను చెబితే అది అబద్ధమే. కానీ ఇన్నేళ్లూ ఎత్తిన ఫోన్లన్నీ వదిలేసి, ఎత్తని ఒక్కదాన్నే పట్టుకుని తప్పంతా మీ మీద వేసుకోవడం అన్యాయం. మనవరాలు ఆఫీసులో ఉండుంటుందని ఆయనకి తెలియదా? ఆ ఉద్యోగం వచ్చిందని వీధంతా స్వీట్లు పంచింది ఆయనే కదా!

మర్చిపోవాలా అంటే, అక్కర్లేదు. తింటున్నారు, నిద్రపోతున్నారు, పనికి వెళ్తున్నారు, మధ్యలో ఆయన గుర్తొచ్చి ఏడుస్తున్నారు. అది జబ్బు కాదు. ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర, తిండి లేక, బతకడం ఎందుకు అనిపించేదాకా వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులో కూడా మాట్లాడతారు.

మీరు రాసిన ఆ చిన్న రైలు నా కళ్లముందే ఉంది. పట్టాల మధ్య 2 అడుగుల 6 అంగుళాలే వెడల్పున్న ఆ బండిలో మిమ్మల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి నౌపడ దాకా తీసుకెళ్లి, అక్కడ టీ తాగి మళ్లీ అదే బండిలో తిరిగొచ్చేవారని, పనేమీ లేకుండానే వెళ్లేవారని రాశారు చూడండి, అక్కడ నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. 2004లో ఆ బండి ఆపేసినప్పుడు మీకు పదేళ్లు. ఒడియా బడిలో చదివే మీకు సాయంత్రాలు అరుగు మీద పలక పెట్టి అఆలు దిద్దించి తాతయ్య, "గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరమ్మా ఇది, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల కోసం పాటుపడ్డాడాయన, మన తెలుగు మనం రాయలేకపోతే ఎలా" అనేవారట. ఆ పలక మీద నేర్చిన తెలుగులోనే కదా నాకింత ఉత్తరం రాశారు.

అయితే ఒకటి చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. తాతయ్య గురించి మూడు పేజీలు రాశారు, నాన్నగారి గురించి రెండే లైన్లు. మీకు తాతయ్య పోయారు, నిజమే, కానీ ఆయనకి పోయింది నాన్న. కొరివి పెట్టింది ఆయన. అరవై ఏళ్ల మనిషి, రోజూ ఆ ఖాళీ మంచం పక్కనుంచే నడుస్తున్నారు, మీరు నెలకోసారి వచ్చి ఏడ్చి వెళ్తారు, ఆయన అక్కడే ఉండాలి. సైకిల్ ఇచ్చేసింది బాధ లేక కాదు, రోజూ చూడలేకే అయ్యుంటుందని నాకనిపిస్తోంది.

ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాలని చూడకండి, ఫోన్‌లో దాచుకున్న తాతయ్య గొంతు ఇప్పుడే వినిపించకండి. సంవత్సరీకానికి ఇంకా నాలుగు నెలలుంది కదా, ఈలోగా ఒక ఆదివారం నౌపడ వెళ్లొద్దాం రమ్మని అడగండి. ఆ చిన్న పట్టాల చోట వేసిన పెద్ద లైను మీద ఇప్పుడు బండ్లు నడుస్తున్నాయి. పాతపట్నం దాటాక, ఊరికే, "మీ చిన్నప్పుడు బొగ్గింజను కదా నాన్నా, తాతయ్య మిమ్మల్నీ ఇలాగే తీసుకెళ్లేవారా?" అని ఒక్క మాట అడిగి ఊరుకోండి. టెక్కలి వచ్చేదాకా ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు, మళ్లీ అడగకండి.

కిటికీ సీటు మాత్రం ఆయనకివ్వండి.